రమణి టాకీసు గోడ బయట

సినిమా హాలు ఏ క్షణం నుంచి సినిమా హాలు కాకుండా పోతుంది? నా పెళ్లికి తొమ్మిది రోజుల ముందు మా ఇంటిల్లిపాదినీ పట్టుకున్న ప్రశ్న ఇది. నగలు, విందు, మగపెళ్లివారి అలకలు అన్నీ దీని ముందు వెనకబడ్డాయి.

కురిచేడులో రైలుగేటు దాటగానే ఉండే రమణి టాకీసు మూతపడి పన్నెండేళ్లయింది. కొన్నాళ్లు అందులో మిరపకాయల బస్తాలు పెట్టుకున్నారు. మా పాత చర్చి కప్పు కూలిపోయాక, హాలు యజమాని నరసింహులు పెదనాయన దాన్ని మా సంఘానికి ఇచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, కులమూ వేరు. మా నాయన కన్నా పెద్దవాడు కాబట్టి నాకు పెదనాయన. మా నాయన ఏసురత్నం సంఘపెద్ద. రెండు నెలలు దగ్గరుండి పని చేయించాడు. తెర పీకేసి, ఆ గోడకు సున్నం కొట్టించి సిలువ పెట్టించాడు. టికెట్ల కిటికీని ఇటుకలతో మూయించాడు. నేల, బెంచీ, కుర్చీ అని గోడల మీద ఉన్న అక్షరాలు గీకించాడు. నేల తరగతిలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య కట్టిన పొట్టి గోడను మాత్రం ముట్టుకోలేదు. మా చర్చిలోనూ ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి ఆ గోడకు ఉద్యోగం పోలేదు.

అందులో జరగబోయే మొదటి పెళ్లి నాదే. మా నాయన తల్లి మగ్దలీనమ్మ, అంటే మా అవ్వ, లోపలికి మాత్రం రానంది.

పద్నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పుడు సినిమా హాల్లో అడుగుపెట్టనని దేవుడికి మాటిచ్చిందట. అరవై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు. అమ్మా నాయనా కూలికి పోతే నన్ను పెంచింది అవ్వే. నేను నర్సింగు చదువుతానంటే కొడుకుతో పోట్లాడి మార్కాపురం పంపింది కూడా ఆమే. ఆశీర్వాద ప్రార్థన జరిగేటప్పుడు నా తల మీద ఆమె చెయ్యి లేకపోతే నాకు పెళ్లయినట్టే ఉండదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఏడ్చి మరీ చెప్పాను.

“బయట షామియానా కింద కుర్చీ వెయ్యండి. నువ్వు బయటికొచ్చినాక చెయ్యి పెడతా,” అంది.

“అది సినిమా హాలు కాదవ్వా, చర్చి.”

“మీరు పేరు మార్చినారు. నా కాళ్లకు తెలియాల గదా.”

నరసింహులు పెదనాయన లైసెన్సు రద్దయిన కాగితం పట్టుకొచ్చాడు. చదువురాని అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, మర్యాదగా ఆయన చేతిలోనే పెట్టింది. పాస్టరుగారు బైబిలు తెరిచి, ప్రతిష్ఠ ప్రార్థన అయ్యాక అది దేవుని మందిరమేనని వాక్యం చూపించారు. అవ్వ ఆయనకు కాఫీ ఇచ్చింది గానీ జవాబు ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంత మొండిదీ రోజూ సాయంత్రం హాలు దాకా నడిచిపోయి, రోడ్డు మీదే నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆరా తీసేది. ఫ్యాన్లు పాతవేనా, లోపల నేల వాలుగా ఉందా, తెర ఉన్న గోడ ఎంత ఎత్తు, ఇవీ ప్రశ్నలు. రానన్న మనిషికి గోడ ఎత్తు ఎందుకో నాకు అంతుపట్టలేదు.

“లోకంలో ఇన్ని ఉండంగా సినిమానే ఎందుకు వదిలినావు?” అని అడిగాను.

“బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు మా ఆడపిల్లలను తలా ఒకటి వదలమన్నాడు. మేరీ వక్కాకు వదిలింది. కేథరిన్ తిరణాలకు పోనంది. ఈ హాలు అప్పుడే కట్టినారు, నేనింకా సినిమా చూళ్లేదు. చూడందాన్ని వదిలేదానికి ఏం కష్టంలే అనుకున్నా.”

“అంటే ఇంతవరకు ఒక్క సినిమా గూడా చూళ్లేదా?”

“చూళ్లేదు. విన్నా.”

పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు ఆమె ఆ హాలు పక్కనే ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మింది. మ్యాట్నీ మొదలైతే ఇంటర్వెల్ దాకా గిరాకీ ఉండదు. గంప పక్కన పెట్టుకుని, గోడకు చెవి ఆనించి కూర్చునేదట. చెవులు మూసుకుంటానని దేవుడికి చెప్పలేదు గదా అని నన్నే ఎదురడిగింది. ఇంట్లో టీవీలో సినిమా వస్తే ఆమె అటు తిరిగి పడుకునేది. నచ్చక అనుకునేవాళ్లం. అదీ వినడమేనని ఇప్పుడు తెలిసింది.

“అయితే వినే చెప్పు,” అన్నాను. “మనోళ్లు లోపల పాడతారు. నువ్వు నీ గోడ కాడ కూర్చో. సినిమా హాలు మాదిరి వినపడితే రావద్దు.”

దీనికి ఒప్పుకుంది. వినడంలో తనను మించినవాళ్లు ఊళ్లో లేరని ఆమెకు ధీమా.

శనివారం సాయంత్రం పాటల జట్టు లోపల నిలబడింది. బయట గోడ దగ్గర అవ్వ, నేను, సంగతి తెలుసుకుని స్కూటరేసుకొచ్చిన నరసింహులు పెదనాయన. మా పిన్ని కొడుకు సాగర్ కీబోర్డు అందుకున్నాడు. స్తుతిపాట దద్దరిల్లింది.

“ఇది ఇంటర్వెల్ ముందర ఫైటింగు,” అంది అవ్వ.

నేను లోపలికి పరిగెత్తి కీబోర్డు తీగ పీకేశాను. సాగర్ ముఖం మాడ్చుకున్నాడు. ఈసారి ఉత్త గొంతులతోనే పాడారు. అవ్వ గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. పాట అయ్యాక “చర్చే,” అంది.

చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకుపోయాను. మొదటి మెట్టు ముందు ఆగిపోయింది.

“నేను రాను రోజీ.”

“చర్చే అంటివి గదా.”

“అది చర్చే. నా మనసే బాగలేదు.” మెట్టు మీద కూలబడింది. “ఒక సినిమాలో ఒకాయమ్మ బిడ్డను పిలిచి పిలిచి ఏడ్చేది. రెండు వారాలు ఆడింది. దినామూ విన్నా. ఆయమ్మ మొగం ఎట్ల ఉంటదో అని ఇన్నేండ్లూ అనుకుంటానే ఉన్నా. ఇప్పుడు లోపలికొస్తే ప్రార్థనకని రాను. ఆయమ్మ ఏడ్చిన గోడ చూసేదానికి వస్తా. అది మాట తప్పినట్టే గదా.”

ఇన్ని రోజులూ ఈమెను మొండిదని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

నరసింహులు పెదనాయన గొంతు సవరించుకున్నాడు. “మగ్దలీనక్కా, ఆ సినిమా నాకు గుర్తుంది. ఆయమ్మను గదిలో పెట్టి గడియేసి ఉంటారు. తెర మీద తలుపొకటే కనపడతది. లోపల్నుంచి గొంతు వస్తది, అంతే.”

“మీరు గూడా చూళ్లేదా అయ్యా?”

“టికెట్ కొన్నోళ్లు గూడా ఎవురూ చూళ్లేదు.”

అవ్వ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. లేచి, కొంగు దులుపుకుని, పెళ్లికి లోపలికే వస్తానంది.

పెదనాయనను స్కూటరు దాకా సాగనంపుతూ అడిగాను. “ఏ సినిమా అది? ఫోన్లో దొరికితే నేను చూస్తా.”

“నాకేం తెలుసమ్మా,” అన్నాడు. “మా నాయన నన్ను గేటు కాడనే నిలబెట్టినాడు. ఆట మొదలైనాక తలుపేసి బయటనే కాపలా. నేను గూడా ఆయమ్మను విన్నానంతే.” స్కూటరు తన్నాడు. “మంచి గొంతు,” అని వెళ్లిపోయాడు.

ఈ సంగతి నేను అవ్వకు చెప్పలేదు. చెప్పను కూడా.

పెళ్లిరోజు ఆమె ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చుంది. ఆశీర్వాద ప్రార్థనప్పుడు గరుకు చెయ్యి నా తల మీద పెట్టింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. సాగర్ కీబోర్డు ముట్టుకోకుండా బుద్ధిగా నిలబడ్డాడు.

జనమంతా భోజనాలకు పోయాక అవ్వ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. రేకుల కప్పు, ఫ్యాన్లు, సున్నం కొట్టిన గోడ, ఒక్కొక్కటే నిదానంగా చూసింది.

“లోపల ఇంతేనా రోజీ?”

“ఇంతేనవ్వా.”

“బయట్నుంచి వింటే శానా పెద్దగా ఉండేది.”