సీలు వేసిన గది

ఆయన అసలు పేరు గొడుగుల ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన సీలయ్యే. మూతపడ్డ కంపెనీల ఆస్తులు అమ్మి, బాకీలు రావలసినవాళ్ళకి పంచిపెట్టే లిక్విడేటరు. ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన రోజే కనిపించిన ప్రతి తలుపుకీ తాళం వేసి, తాళం మీద కాగితం అంటించి, లక్క పోసి, కింద పొడవాటి సంతకం గీకేశాడు. ఆ అలవాటు ఇంట్లోనూ వదల్లేదు. బిస్కెట్ల డబ్బాకి కాగితం అంటిస్తే, "నా నోటికి మాత్రం వెయ్యలేరు లెండి సీలు" అంది భార్య.

ఇంతటి జాగ్రత్తపరుడు ఇవాళ కుట్టు మిషన్ల హాలు గుమ్మం దగ్గర నిలబడి చెమటలు కక్కుతున్నాడు. పోయిన వారం వేలంలో జరిగిన భాగోతం అలాంటిది మరి.

ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా విలువైనది గొడుగు పిడులు వంచే మిషను. మొదటినుంచీ అది కనబడలేదు. పాత ఓనరు దాన్ని గుట్టుచప్పుడు కాకుండా అల్లుడి వర్క్‌షాపుకి చేరవేశాడని సీలయ్య అనుమానం. "లోపలే ఉందండీ బాబూ, సరిగ్గా చూడండి" అని ఆ పెద్దాయన నెత్తీ నోరూ కొట్టుకున్నా వినకుండా కేసు వేశాడు. వాదించింది భార్యకి సొంత అన్న, వకీలు బావగారు. కేసు ఏడాది దాటి నడిచి, చివరికి ఓనరుదే గెలుపని తేలింది. ఆ వెంటనే వచ్చిన వేలం రోజున, కొనడానికి వచ్చిన జనమందరి ముందూ వెనక వరండాలోని స్టోరు రూము సీలు పగలగొట్టారు. గోనెపట్టాలు కప్పుకుని మిషను దర్జాగా కూర్చుని ఉంది. చిరిగిన కాగితం మీద సంతకం ఎవరిదో చెప్పక్కర్లేదు.

సీళ్ళు వేసిన మొదటిరోజు ఫ్యాక్టరీలో కరెంటు లేదు. గదిలోంచి పాత రంగుల కంపు గుప్పుమంది. సీలయ్య ముక్కు మూసుకుని, "స్టోరు రూమేగా, ఖాళీ డబ్బాలే" అనుకుని అలాగే రాసుకుని సీలు కొట్టేశాడు. తర్వాత తను రాసిందే తను నమ్మాడు. ఒకసారి తెరిచి చూద్దామనిపించింది కూడా. కానీ సీలు తీయాలంటే కోర్టు అనుమతి, అనుమతికి పిటిషను, పిటిషనుకి ఖర్చు. కార్మికుల సొమ్ము అనవసరంగా తగలెయ్యడం ఎందుకని ఊరుకున్నాడు. పిటిషను ఖర్చు మిగల్చబోయి ఏడాది కేసుని నెత్తికెత్తుకున్న ఘనుడు లోకంలో ఈయనొక్కడే అయ్యుండాలి.

ఆస్తులమ్మిన డబ్బులో ముందు లిక్విడేటరు ఫీజు, కోర్టు ఖర్చులు తీసి, తర్వాతే కార్మికుల జీతాలు. అయితే దానికి ఇవాళ హాల్లో కూడిన, బాకీలు రావలసినవాళ్ళ కమిటీ సరేననాలి. కాదంటే బావగారి బిల్లూ, గెలిచిన ఓనరు ఖర్చులూ సీలయ్య ఫీజులోంచే పోతాయి. అప్పుడిక మిగిలేది గుండు సున్నా. ఆ ఫీజుతోనే ఇంటి కప్పు బాగుచేయిస్తానని భార్యకి మాటిచ్చాడు. వానొస్తే వాళ్ళ హాల్లో బకెట్లకి తప్ప మనుషులకి చోటుండదు.

"పట్టు వదలకండి బావగారూ" అని వకీలు బావగారు చెవిలో ఊదాడు. "మంచి ఉద్దేశంతో చేసిన పొరపాటు కాబట్టి ఖర్చు కంపెనీదేనని నేను వాదిస్తాగా."

కమిటీకి పెద్ద కుట్టు సెక్షన్ మేస్త్రమ్మ. జీతాలు రావలసినవాళ్ళంతా ఆవిడ వెనక బెంచీల మీద కూర్చున్నారు. "చెప్పండి సార్, మీకెంత కావాలి?" అంది.

సీలయ్య బెంచీల వైపు చూశాడు. ఏడాదిగా జీతం మొహం చూడనివాళ్ళు ఆయన్ని తిట్టకుండా, నవ్వు ఆపుకుంటూ చూస్తున్నారు. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది.

"కాపలా పెట్టాను, లెక్కలు చూశాను, సరుకమ్మాను. ఆ పనికి ఫీజు ఇప్పించండి" అన్నాడు. "కేసు ఖర్చు మాత్రం నాది. తలుపు తీసి చూడకపోవడం నా తప్పు."

బావగారు నెత్తి పట్టుకున్నాడు. అంతలో మూలనున్న పాత ఓనరు కర్ర పట్టుకుని లేచాడు.

"మరి నా కోర్టు ఖర్చులో?"

"ఇచ్చుకుంటానండీ" అన్నాడు సీలయ్య. కప్పు మీద ఆశ అక్కడితో వదులుకున్నాడు.

"డబ్బు నాకొద్దు. ఏడాదిపాటు వీళ్ళంతా నన్ను దొంగని చూసినట్టు చూశారు. పలకరిస్తే మొహం తిప్పుకున్నారు. నేనన్న మాటే మీ నోటితో ఒక్కసారి అనండి. గట్టిగా. వెనక బెంచీకి వినబడాలి."

సీలయ్య గొంతు సవరించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గో, జాలో, రెండూనో.

"మిషను లోపలే ఉంది! ఓనరుగారు దొంగ కాదు. మొదటిరోజునుంచీ నిజమే చెప్పారు!"

వెనక బెంచీలోంచి ఎవరో, "ఓనరుగారూ, ఇలా వచ్చి మా పక్కన కూర్చోండి" అన్నారు. పెద్దాయన కర్ర మర్చిపోయి గబగబా వెళ్ళి కూర్చున్నాడు. మేస్త్రమ్మ ముక్కు చీదుకుని, "ఫీజు ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరమా?" అంది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"మరి నా బిల్లు సంగతి?" అన్నాడు వకీలు బావగారు మెట్లు దిగుతూ.

"నెలనెలా కొంచెం తీర్చుకుంటాను."

బావగారు గేటు దాటేదాకా వచ్చి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "సీలు తీయించే పిటిషను దండగని మీకు చెప్పింది నేనేగా" అని గొణిగాడు. "స్టాంపుల ఖర్చు ఇచ్చెయ్యండి చాలు. ఈ మాట మా చెల్లెలికి మాత్రం చెప్పకండి, నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

ఇంటికి చేరేసరికి వాన దంచుతోంది. భార్య బకెట్టు పట్టుకుని హాల్లో అటూ ఇటూ పరుగులు తీస్తోంది.

"ఏవండీ, ఫీజిచ్చారా? చెక్కేదీ?"

సీలయ్య చొక్కా జేబు తట్టి, "లోపలే ఉంది" అన్నాడు.

"తీసి చూపించండి. మీరు చూడకుండానే ఉందంటారు, చూడకుండానే లేదంటారు."

వేరే రోజైతే కస్సుమనేవాడే. ఇవాళ చెక్కు తీసి, విప్పి, ముందు తను చూసుకుని, తర్వాత ఆవిడ చేతికిచ్చాడు.