మంద ఎత్తే ముందు

కోదాడలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న ప్రశాంతి ఒక వెబ్‌సైటు చేసింది. ఏ ఇంటి గొర్రెల చెవులకు గుర్తుగా ఏ కోత పెడతారో అందులో ఫొటోతో సహా ఉంటుంది. మంద తప్పిన గొర్రె ఎవరి చేలో కనబడినా, చెవి చూసి దాని యజమానికి ఫోను చేయవచ్చు. మర్నాడు సూర్యాపేటలో గొర్రెల కాపరుల సమావేశం. అక్కడ దాన్ని తెర మీద చూపించాలి.

ఆమె నాయనమ్మ కొమురమ్మకు పొద్దుటి నుంచి ఒకటే గుబులు. బడి మొహం చూడకపోయినా బస్సుల బోర్డులూ పాత పేపర్లూ కూడబలుక్కుని చదువు నేర్చిన మనిషి. తెలియనిది అడగకుండా ఉండలేదు. మన కంప్యూటర్ ఆపేస్తే వెబ్‌సైటు ఆగదా అంది. అది మన దగ్గర లేదని, ఒక కంపెనీలో కిరాయికి చోటు తీసుకున్నామని ప్రశాంతి చెప్పింది. కోదాడలో కరెంటు పోతే? దానికేం కాదు. చెడిపోతే? యంత్రమైతే వాళ్లు చూసుకుంటారు, ప్రోగ్రాంలో తప్పయితే తనే. వందమంది ఒక్కసారి చూస్తే? ఇంకాస్త చోటు అడగొచ్చు.

“మా కాలేజీ సారు గూడ ఇన్ని అడగలే నాయినమ్మా,” అని ప్రశాంతి నవ్వింది.

కొన్ని ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనబడుతున్నాయని ఆమె ప్రోగ్రాంను సరిచేసింది. ఇక కొత్తది ఎక్కించడమే తరువాయి. అది చేరగానే కంపెనీ వాళ్లు పాతదాన్ని చోటుతో సహా తుడిచేస్తారట.

తుడిచేస్తారన్న మాట కొమురమ్మకు గుచ్చుకుంది. మందతో వలసపోయిన ఆమె పెనిమిటి తిరిగి రాలేదు. అప్పటి నుంచి దేన్ని వదిలి కదలాలన్నా ఆమెకు కాళ్లాడవు.

“ఆగు బిడ్డా. మంద ఎత్తెటప్పుడు గంపల కింద సూడకుండ కదులుతమా? నిన్న మొన్న పుట్టిన గొర్రెపిల్లలను గాడనే మూసి పెడ్తం. నీ పాతదాంట్ల ఏమున్నయో సూసినవా?”

“అండ్ల ఏముంటది, పాత ప్రోగ్రామే గదా…” అంటూనే ప్రశాంతి చెయ్యి ఆగిపోయింది.

ప్రోగ్రాం ఆమె దగ్గర ఉంది. ఫొటోలు లేవు. పాలకీడు, అనంతగిరి, నేరేడుచర్ల కాపరులు నేరుగా వెబ్‌సైటులోకి పంపిన రెండు వందల పన్నెండు ఫొటోలూ పాతదాంట్లోనే ఉన్నాయి. మందలు కృష్ణ అవతలికి పోయి నెల దాటింది. మళ్లీ తీద్దామంటే ఊళ్లలో ఒక్క గొర్రె లేదు. పాతదాంతో పాటు అందులోకి వచ్చిన ఫొటోలూ పోతాయని కంపెనీ వాళ్లు ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ అనే పేజీలో రాసే ఉంచారు. తనకు తెలిసిందేలే అని ప్రశాంతి ఆ పేజీ దాటేసింది.

కొమురమ్మ మందలించలేదు. “ఇంకా ఉన్నయి గదా. తియ్యి,” అంది.

ఫొటోలన్నీ దించుకుని, ప్రోగ్రాం మారినా చెదరని వేరే చోట పెట్టేసరికి పొద్దు వాలింది. అప్పుడు గానీ కొత్తది ఎక్కించడానికి కొమురమ్మ ఒప్పుకోలేదు. ఎక్కాక ఒక్కో చెవీ తనే చూసి, రెండు వందల పన్నెండూ ఉన్నాయని తేల్చుకుని అన్నానికి లేచింది.

మర్నాడు సూర్యాపేటలో ఆ చెవులు గోడంత తెర మీద వరసగా కదిలాయి. తన ఇంటి కోత కనబడగానే పాలకీడు సైదయ్య లేచి నిలబడ్డాడు, వెనకవాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు. పక్క కుర్చీలోని మిర్యాలగూడ పెద్దాయన, తెర పక్కన నిలబడ్డ ప్రశాంతిని చూపిస్తూ ఎవల పిల్ల అని కొమురమ్మను అడిగాడు.

ఆమె కొంగు సవరించుకుని నిటారుగా కూర్చుంది.

“మా పిల్లనే. చేసింది అది,” అంది. “ఆపింది నేను.”