రిపోర్ట్ మంచిగ రావాలె

చాంద్రాయణగుట్టలో మా గల్లీకి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. కింది నుంచి మేడ మీదికి పద్నాలుగు బిందెలు మోస్తాను. ఏ తొమ్మిదో బిందె దగ్గరో గుండె ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, వెంటనే లయ తప్పి గబగబా కొట్టుకుంటుంది. "గ్యాస్ అయ్యుంటది, జర వాము నములు" అంటుంది మా అత్తమ్మ నాగమణమ్మ. నేను గుమాస్తాగా చేసే స్కూల్లోనూ ఒకరోజు దడొచ్చి, కళ్ళు బైర్లు కమ్మి బల్ల పట్టుకున్నాను. "ఇంట్ల నిద్రపోరా మేడం?" అని హెడ్మాస్టర్ నవ్వాడు. నేను బల్ల వదిలి మళ్ళీ రిజిస్టర్ తెరిచాను.

చివరికి కార్వాన్‌లో ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కొందరికి గుండె పరుగెత్తుతుందట, కొందరికి మందగిస్తుందట, కొందరికి మధ్యలో ఒక దెబ్బ ఎక్కువ కొడుతుందట. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, నిద్ర చాలకపోయినా, గుండెలోనే లోపమున్నా కావచ్చట. తేలాలంటే గుండె లయను నమోదు చేసే చిన్న మిషన్ ఛాతీకి తగిలించుకుని ఒక రోజంతా ఉండాలి. "రోజూ చేసే పనులన్నీ చెయ్యండి, ఒక్కటి కూడా మానొద్దు" అంది.

నా భర్త గోవింద్ పక్కనే కూర్చుని తల ఊపాడు. బస్సు డిపోలో మెకానిక్. నాకు మిషన్ పెట్టిన రోజు లీవు పెట్టాడు. నీళ్ళు తనే మోశాడు.

"నువ్వు పండుకో యశోదా, రిపోర్ట్ మంచిగ రావాలె."

అత్తమ్మ అన్నం మంచం దగ్గరికే తెచ్చింది. "పొయ్యికాడికి రాకు బిడ్డా, దడొస్తే మిషన్ల పడ్తది" అంది. పెళ్ళయిన పదిహేడేళ్ళలో మొదటిసారి వేడన్నం తిన్నాను. సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ సుఖానికే నేనూ నోరు మూసుకున్నాను.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. రిపోర్టులో ఏమీ లేదు. "చూస్తివా, ఉత్తగ ఫికర్ పడ్డవ్" అన్నాడు గోవింద్. "ఇగ రేపటి సంది నీ పని నువ్వు చేస్కో."

డాక్టరమ్మ కాగితాల మీంచి తలెత్తింది. "ఆ రోజు ఏమేం పనులు చేశారమ్మా?"

"ఏమీ చెయ్యలేదు మేడం, పడుకున్నాను. మళ్ళీ పెట్టండి."

"ఏం లేదని వచ్చింది గద, మళ్ల ఎందుకు?" అన్నాడు గోవింద్.

నేను ఆయన వైపు తిరగలేదు. కోపం వచ్చింది, చాలా ఆలస్యంగా. నా గుండె ఎందుకు లయ తప్పుతోందో డాక్టరమ్మకు ఇంకా తేలలేదు. మా ఇంట్లో మాత్రం తల్లీకొడుకులిద్దరికీ ముందే తెలుసు.