వెనక మూత లేని హెడ్‌ఫోన్స్

స్టూడియోలో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పెద్దాయన. పుస్తకాలు చదివించి, రికార్డు చేసి, వినే పుస్తకాలుగా అమ్మే చిన్న స్టూడియో అది. అద్దం అవతల బూత్‌లో కూర్చుని ఆయన చదివేవాడు. అద్దం ఇవతల కూర్చుని ఆమె, ఆయన చదివినదాంట్లోంచి తప్పులూ, దగ్గులూ, కుర్చీ కిర్రుమన్న చప్పుళ్లూ ఏరి పారేసేది. ఎంత చిన్న చప్పుడైనా ఆమె చెవి నుంచి తప్పించుకోలేదని ఆయనకు మురిపెం.

పనిలో చేరిన కొత్తలో ఆమె ఒక అధ్యాయం మొత్తం పొరపాటున చెరిపేసింది. ఓనరుకు తెలిస్తే ఉద్యోగం ఊడేదే. మర్నాడు పెద్దాయన వచ్చి, "నిన్న నా గొంతు ఏం బాగాలేదు సార్, మళ్లీ చదువుతాను" అని ఓనరుతో చెప్పి, ఆ అధ్యాయమంతా మొదటినుంచీ చదివాడు. ఆ తరవాత దాని ఊసే ఎత్తలేదు. అప్పటినుంచీ ఆయన ఆమెకు బాబాయ్.

ఆ రోజు చెవులమ్మ పొద్దున్నే, అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. ఎన్నాళ్లుగానో మనసుపడ్డ హెడ్‌ఫోన్స్ ముందురోజు రాత్రి ఇంటికి వచ్చాయి. ఓపెన్ బ్యాక్ రకం. చెవి గిన్నెలకు వెనక మూత ఉండదు, సన్నటి జాలీ ఉంటుంది, బయటి మాటలూ వినపడతాయి. "అయితే నా మాట వినపడలేదనే సాకు ఇంక చెల్లదన్నమాట" అని వాళ్లాయన వేళాకోళం చేశాడు కూడా. పాతవి చెవుల్ని పట్టకారులా నొక్కేవి. సాయంత్రమయ్యేసరికి తమ్మెలు ఎర్రబడి, కళ్లజోడు కాడలు కణతల్లో గుచ్చుకునేవి. ఇవి పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు. ఉన్నాయా లేవా అని చేత్తో తడిమి చూసుకుంది.

ఏదో పాత రికార్డింగు పెట్టింది. ప్రాణం లేచొచ్చింది. గొంతు తలలోపల ఇరుక్కుని మోగడం లేదు. ఎదురుగా ఎవరో కుర్చీ వేసుకుని కూర్చుని చదువుతున్నట్టుంది. కాగితం తిప్పిన చప్పుడు కుడిచేతి వైపు, గుక్క పట్టిన ఊపిరి కాస్త కింద, వాటి వెనకాల ఆ గది నిశ్శబ్దం. వాల్యూమ్ పెంచింది. ఇంకా పెంచింది. చిన్నపిల్లలా కుర్చీలోనే ఊగింది.

అప్పుడే పెద్దాయన టీ కప్పుతో లోపలికొచ్చాడు. ఆమె ఒక చెవి తప్పించింది.

"ఏంటే చెవులమ్మా, టీ వడకట్టేవి రెండు నెత్తికి తగిలించుకున్నావ్?"

"నవ్వండి నవ్వండి. తరవాత మీకూ వినిపిస్తాను, అప్పుడు చెబుదురుగాని. ముందు రెండు నిమిషాలు కూర్చోండి బాబాయ్, నిన్నటిది చివర చూసేస్తాను."

ఆయన వెనక సోఫాలో కూర్చున్నాడు. ఆమె హెడ్‌ఫోన్స్ సర్దుకుని నిన్నటి రికార్డింగు చివరికి వెళ్లింది. అధ్యాయం అయిపోయింది, ఆయన లేచి వెళ్లిన అడుగుల చప్పుడు వినిపించింది. రికార్డింగు మాత్రం ఆగలేదు. ఆపడం తనే మరిచిపోయింది. మైకు ముందు తను వైర్లు చుడుతున్న అలికిడి. తరవాత, మైకు స్టాండు చూడ్డానికి బూత్‌లోకి వచ్చిన ఓనరు గొంతు.

"ఈయన పని అయిపోయినట్టుందమ్మా. నువ్వేమంటావ్?"

ఆ తరవాత ఆమె గొంతు.

"అయిపోయి చాలా కాలమైంది సార్. నోరు తెరిస్తే పళ్ల సందుల్లోంచి ఈల. ఆ నోటి చప్పుళ్లు ఏరుకునేసరికి నా ప్రాణం మీదికొస్తోంది. అది చదవడం కాదు సార్, నమలడం."

అని నవ్వింది. ఓనరూ నవ్వాడు.

నిన్న అన్నప్పుడు అది ఏదో మాటల్లో మాటగా, ఓనరును మెప్పించడానికి దొర్లిన మాట. ఇప్పుడు ఎదురు కుర్చీలో ఎవరో ఆడమనిషి కూర్చుని అంటున్నట్టుంది. ఆ నవ్వు తనదేనా? నమ్మలేక, వెనక్కి తిప్పి మళ్లీ వింది. తనదే. గబగబా ఆ ముక్క మొత్తం చెరిపేసి వెనక్కి తిరిగింది.

పెద్దాయన టీ కప్పులోకి చూస్తున్నాడు.

"అయిందా?" అన్నాడు.

"అయింది బాబాయ్. రండి."

ఆ రోజు ఆయన ఎన్నడూ లేనంత నిదానంగా చదివాడు. వాక్యం వాక్యానికీ ఆగి నీళ్లతో పెదాలు తడుపుకున్నాడు. శ, ష, స వచ్చినచోటల్లా నాలుకను కూడదీసుకున్నాడు. ఒకప్పుడు ఆ మూడింటినీ ఆయనలా ఎవరూ పలకలేరని పేరు. ముందుపళ్లు పోయాక మూడూ కలిసి ఒకటే ఈల అయ్యాయి. రెండేళ్లుగా ఆమె ఆ ఈలల్ని కొద్దికొద్దిగా కోసి సరిచేస్తూనే ఉంది. ఆయనకు చెప్పలేదు. నొచ్చుకుంటాడని మొహమాటం.

"ఈ రోజు అదరగొట్టేశారు బాబాయ్!" అంది మైకులో, కాస్త ఎక్కువ సంబరంగా.

ఆయన పెదాలు విప్పకుండా నవ్వాడు.

చదవడం అయ్యాక ఇవతలికి వచ్చి వెళ్లబోతుంటే ఆపి, ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్స్ ఆయన తలకు తగిలించి, ఇందాక చదివిన పేజీ పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

పక్కన నిలబడ్డ ఆమెకు ఆ పేజీ వినిపించింది. సన్నగా, కానీ మాట మాటా. శబ్దం చొరబడకుండా గోడలకు దళసరి స్పాంజి కొట్టిన గది అది. ఆ గదిలో జాలీ వెనకనుంచి వచ్చిన ప్రతి అక్షరమూ తెలుస్తోంది.

ఓపెన్ బ్యాక్ అయితే చప్పుడు బయటికి వస్తుందని ఆమెకు తెలియక కాదు. కొనేముందు చదివింది, ఎవరికో తను చెప్పింది కూడా. పదేళ్లు చెవులు మూసుకుని పనిచేసిన అలవాటు, కొత్త వస్తువు మోజు, ఆ రెండూ కలిసి తెలిసిన సంగతిని తెలియనట్టే చేశాయి. పైగా వాల్యూమ్ పెంచింది. పైగా వెనక్కి తిప్పి రెండోసారి వినిపించింది.

ఆయన పేజీ ఆసాంతం విన్నాడు. హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో తీసి, జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"చాలా బాగున్నాయండీ" అన్నాడు. "మీకు నోటి చప్పుళ్లు ఏరుకోవడం తేలికవుతుంది."

ఇన్నేళ్లలో ఆయన ఆమెను ఒక్కనాడూ మీరు అనలేదు. ఆయన సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన అలిగి మానేస్తాడనుకుంది. మానలేదు. ఒక్కపూట కూడా తప్పకుండా వచ్చి పుస్తకం పూర్తిచేశాడు. వచ్చేటప్పుడు నమస్కారమండీ, వెళ్లేటప్పుడు వస్తానండీ. చెవులమ్మా అన్న పిలుపు లేదు. రోజూ క్షమాపణ అడుగుదామనుకునేది, ఆ మర్యాద చూసి నోరు పెగిలేది కాదు. చివరి పేజీ చదివిన రోజు ఆయన ఓనరు దగ్గరికి వెళ్లి, "కళ్లు ఆనడం లేదు సార్, ఇంక నావల్ల కాదు" అని సెలవు తీసుకున్నాడు. ఆమె పేరు ఎత్తలేదు.

ఆ ఆదివారం ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. ఆయనే తలుపు తీశాడు.

"రండి. కూర్చోండి. ఇల్లు కనుక్కోవడం కష్టమైందా?"

"బాబాయ్, నన్ను మీరు అనకండి. తిట్టండి. చెంప పగలగొట్టండి."

"ఎందుకండీ?" ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "మీరన్నది అబద్ధమైతే పోట్లాడేవాణ్ణి. నిజమేగా."

"నిజం కాదు..."

"నిజమే. ఆ రోజు మీరు వినిపించింది నేనూ విన్నాను. నమిలినట్టే ఉంది." ఆమె వైపు తిరిగాడు. "ఎన్నాళ్లనుంచి?"

ఆమె తలదించుకుంది. "రెండేళ్లు."

"రెండేళ్లు..." అన్నాడాయన. "ఎప్పటిలా చదువుతున్నాననే అనుకున్నాను. పుస్తకం బయటికొచ్చాక వింటే శుభ్రంగా ఉండేది. చూశావా, నా పదునింకా తగ్గలేదు అని ఇంట్లో గొప్పలు పోయేవాణ్ణి. ఒక్కమాట నాతో అనుంటే పళ్లు కట్టించుకునేవాణ్ణి కదండీ. అదేమంత పని?"

"మీరు నొచ్చుకుంటారని..."

"నొచ్చుకునేవాణ్ణి. ఒకరోజు అన్నం మానేసేవాణ్ణి. మర్నాడు డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి."

ఆమె లేచింది. ఆయన గేటుదాకా వచ్చి సాగనంపాడు. ఇంటికి వెళ్లేదాకా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

కొన్ని నెలలకు, బస్సులో ముందు సీట్లోంచి ఒక గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. శ వేరు, ష వేరు, స వేరు. మనిషిని చూడకముందే ఆమె లేచి నిలబడింది. పెద్దాయన కొత్త పళ్లతో, కాస్త బుగ్గలు నిండి, పది సంవత్సరాలు చిన్నవాడిలా ఉన్నాడు.

"బాబాయ్! మళ్లీ రండి బాబాయ్. ఓనరుతో నేను మాట్లాడతాను."

వద్దనబోయి ఆగాడు. ముఖంలో ఆశ దాచుకోలేకపోయాడు. "అడిగి చూడండి" అన్నాడు మెల్లగా. "ఇంట్లో రోజూ గట్టిగానే చదువుతున్నాను."

ఆమె ఆ సాయంత్రమే అడిగింది. ఓనరు వింతగా చూశాడు.

"ఆయన పని అయిపోయి చాలా కాలమైందని నువ్వే కదమ్మా అన్నావు? నీ మాట మీదే కొత్తమ్మాయిని తీసుకున్నాను. బాగానే చదువుతోందిగా. ఇప్పుడు పొమ్మని ఎలా అంటాను?"

ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. నాలుగు రోజులు ఆగితే ఆయనే అర్థం చేసుకుంటాడులే అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసి, వెంటనే ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఆఁ, చెప్పండి."

"ఒప్పుకోలేదు బాబాయ్. మీ పని అయిపోయిందని అప్పుడు నేనన్న మాటే నాకు తిప్పి చెప్పాడు. నావల్లే పోయింది."

అవతల పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"సరేనండి" అన్నాడు. "ఈసారి నాతోనే చెప్పారు. మంచిది. ఉంటాను."

ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. అద్దం అవతల కొత్తమ్మాయి పేజీ తీసి, చదవడానికి సిద్ధమంటూ చెయ్యి ఊపింది.