తడి రాయి

కాలు విరిగి మంచం పట్టిన దగ్గర నుంచి చినుకమ్మకు ఒకటే బెంగ. కాలు అతుక్కుంటుందా లేదా అని కాదు, కప్పు బజారులో తన రాయి తనకు మిగిలిందా లేదా అని.

నగరం నడిబొడ్డున ఉన్న ఆ పాత బజారుకు పైన ఇనప దూలాలు, గాజు పలకలు ఉంటాయి. అందుకే అందరూ దాన్ని కప్పు బజారు అంటారు. లోపల వరసలుగా రాతి బల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో రాయి. చేపలూ ఆకుకూరలూ అమ్మేది తడి వరస. పప్పులూ ఉల్లిపాయలూ అమ్మేది పొడి వరస. తడి వరసకు ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే గంట కొట్టుకుంటూ బజారు పెద్ద వచ్చేసరికి రాయి తడిగా ఉండాలి. పొడిగా కనబడితే కొన్నాళ్ళు చూస్తాడు, ఆ తర్వాత ఆ రాయిని అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాడు. చినుకమ్మ రాయి వాళ్ళ అత్తగారి నాటిది. నీళ్ళు చల్లి చల్లి, ఆకుకూర కట్టలు పేర్చి పేర్చి దాని మధ్యన నున్నగా గుంట పడింది. ఇన్ని నెలలుగా అది ఎండిపోయే ఉంటుంది. ఈపాటికి ఎవరి పాలైందో.

"చూసి వచ్చేద్దాం అత్తయ్యా, అంతే. కూర్చుంటానని పేచీ పెట్టకూడదు," అంది కోడలు, ఆవిడ కాళ్ళకు చెప్పులు తొడుగుతూ.

"నేనెందుకు కూర్చుంటానమ్మా. ఊరికే కప్పు చూసి వస్తాను," అంది చినుకమ్మ బుద్ధిమంతురాలిలా. సంచి అడుగున కట్టలు కట్టే నారపోగులు దాచుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

కోడలు పెళ్ళై ఇన్నేళ్ళైనా బజారు గుమ్మం దగ్గరి రొట్టెల కొట్టు దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. బజారు చూడటానికి వచ్చినవాళ్ళు కెమెరాలు పట్టుకుని పైకి చూస్తుంటే తనూ తలెత్తింది. గాజు పలకల్లోంచి ఎండ పలచగా జారి టమాటాల గుట్టల మీద పడుతోంది.

"ఇంత ఎత్తు కప్పు ఎలా తుడుస్తారు అత్తయ్యా?"

"ఎవరు తుడుస్తారే. వాన కడుగుతుంది, పావురాలు పాడుచేస్తాయి. వాటి పోటీ వాటిది, మనం కింద నిలబడి తల కాపాడుకోవాలి."

చేపల వరస మొదట్లోనే చేపలాయన పలకరించాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆవిడను అత్తా అనే పిలుస్తాడు.

"రా అత్తా. కర్ర నీకు బాగానే నప్పింది."

"నప్పింది గానీ, నా రాయి ఉందా అల్లుడూ?"

ఆయన కత్తి కడగడంలో మునిగిపోయాడు. కడిగిన కత్తినే మళ్ళీ కడిగాడు. "వెళ్ళి చూసుకో అత్తా. మధ్యలో నన్ను ఇరికించకు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాణ్ణి."

చినుకమ్మ ఇంక అక్కడ ఆగలేదు. చప్టా మీద కర్ర టకటకలాడించుకుంటూ ముందుకు నడిచింది. కోడలు వెనకాల పరుగు.

తడి వరసలో చిట్టచివరిది చినుకమ్మ రాయి. దాన్ని ఆనుకుని పొడి వరస మొదలు. ఆ మొదటి రాయి ఉల్లిపాయలమ్మే ఉల్లి వదినది. ఆకుకూరకు నీళ్ళు చల్లకపోతే వాడిపోతుంది, ఉల్లిపాయకు నీళ్ళు తగిలితే కుళ్ళిపోతుంది. ఇంక ఇద్దరికీ పొద్దు పొడిస్తే యుద్ధమే. చినుకమ్మకు ఆ పేరు పెట్టింది కూడా ఉల్లి వదినే, దెప్పడానికి. బజారంతా అదే ఖాయం చేసేసింది.

మూల తిరగగానే చినుకమ్మ ఆగిపోయింది. తన రాయి మీద ఉల్లి వదిన ఎర్రచారల బుట్ట, దర్జాగా.

"వదినా," అంది కర్రతో ఆ బుట్టను చూపిస్తూ. "కాలు విరిగింది గానీ నా ప్రాణం పోలేదు. అప్పుడే కలిపేసుకున్నావా?"

ఉల్లి వదిన పొట్టు దులుపుకుంటూ తలెత్తింది. "వచ్చావా. తిట్టేవాళ్ళు లేక చెవులు దిబ్బడేశాయి."

"నీకు నీ రాయి చాలలేదా?"

"నా రాయి నాకు చాలు. నీ రాయే నా చేత చాకిరీ చేయించుకుంటోంది. కళ్ళతో కాదు, చెయ్యి పెట్టి చూడు."

చినుకమ్మ చెయ్యి పెట్టింది. రాయి చల్లగా, తడిగా ఉంది. అంచునుంచి నీళ్ళు కాలవలోకి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. బుట్టలో ఉన్నవి ఉల్లిపాయలు కావు, పాలకూర కట్టలు. ఎప్పుడూ పిల్ల తల దువ్వనివాళ్ళు జడ వేసినట్టున్నాయి. అవతల ఉల్లిపాయల బస్తా ఇటుకల మీద పరిచిన చెక్కపైకి ఎక్కి కూర్చుంది, తడి తగలకుండా.

"రోజూ నువ్వే పోశావా నీళ్ళు?"

"లేకపోతే పావురాలు పోశాయా? వట్టి రాయి తడిపితే ఒప్పుకోనన్నాడు బజారు పెద్ద, సరుకుండాలట. అందుకని నాలుగు కట్టలు తెచ్చి పెడుతున్నా. కొనేవాళ్ళు లేరు గానీ నా కట్ట చూసి నవ్వేవాళ్ళు బోలెడుమంది. చూడు, నీ నీళ్ళకు నా ఉల్లిపాయలకు మొలకలు కూడా వచ్చాయి."

"ఒక్క మాట కబురు చేయొచ్చుగా వదినా. నేను ఎంత కుమిలిపోయానో తెలుసా."

"చెప్పొద్దని చేపలాయన చేత ఒట్టు కూడా వేయించా. రాయి పదిలంగా ఉందని తెలిస్తే నువ్వు మంచం దిగుతావా? బెంగ ఉంటేనే నడుస్తావు."

చినుకమ్మకు తిడదామంటే కోపం రావడం లేదు, మెచ్చుకుందామంటే అలవాటు లేదు.

"కట్ట కట్టడం కూడా రాదు ఈవిడకు," అని సణిగి సంచిలో చెయ్యి పెట్టి నారపోగులు బయటికి తీసింది.

"ఊరికే కప్పు చూడ్డానికి నార ఎందుకు అత్తయ్యా?" అంది కోడలు.

ఆవిడ వినపడనట్టు కట్ట విప్పి, పాలకూర వేళ్ళన్నీ ఒకవైపుకు చేర్చి దులిపి, పోగు చుట్టి ఒక్క మెలి తిప్పింది. చేతివేళ్ళు ఏదీ మరిచిపోలేదు. కోడలు కాసేపు ఆ చేతులనే చూసింది. తర్వాత ఉల్లి వదిన వైపు తిరిగింది.

"పీట ఎక్కడుంది పెద్దమ్మా?"

"రాయి కిందే. రోజూ తుడుస్తున్నా."

చినుకమ్మ కాలు చాపుకుని కూర్చుంది. కట్టలు గుంటలో పేర్చి గుప్పెడు నీళ్ళు చల్లింది. సగం పాలకూర మీద పడ్డాయి, సగం ఉల్లి వదిన మోచేతి మీద.

"మొదలుపెట్టింది," అంది ఉల్లి వదిన చెయ్యి తుడుచుకుంటూ.

"ఆ ఇటుకలు తీసెయ్యకు వదినా. రేపు కూడా వస్తాను."

"రేపు కాదు, ఎల్లుండి," అంది కోడలు. "రోజు మార్చి రోజు. అదీ మధ్యాహ్నం దాకానే."

"అయితే మధ్య రోజుల్లో నీళ్ళు మళ్ళీ నా నెత్తినేనన్న మాట," అని గొణిగి, ఉల్లి వదిన బస్తాను చెక్క మీద ఇంకాస్త అవతలికి జరుపుకుంది.