ఉల్రికా సరదా పడాల్సిన వారం

ఉల్రికా మెల్విల్‌ను వారం రోజులు సరదా పడి రమ్మని ఆఫీసువాళ్ళు పంపించారు. తను అడగలేదు.

కరీబియన్ సముద్రంలోని టొబేగో దీవిలో ఆడవాళ్ళను మాత్రమే బీచ్‌లకు తిప్పే వ్యాను ఒకటుంది. దానికి ఉల్రికా గైడు. ఏ రోజు ఏ బీచ్‌లో పాటలుంటాయి, ఎక్కడ స్టీల్ డ్రమ్ములు బాగా వాయిస్తారు, ఎక్కడ డాన్సు ఆడితే మర్నాడు నడుం పట్టేయదు, అన్నీ ఆమెకు తెలుసు. కెనడా నుంచో ట్రినిడాడ్ నుంచో వచ్చిన ఆడవాళ్ళను ఎక్కించుకుని వ్యాను కదలగానే లేచి నిలబడి మొదలుపెట్టేది.

"అమ్మా, సముద్రానికి వీపు చూపించకండి. రమ్ముకీ రమ్ముకీ మధ్య మంచినీళ్ళు తాగండి. మీ కళ్ళు బాగున్నాయని ఎవడైనా అన్నాడంటే వాడికి పడవ ఉందని అర్థం. టికెట్ మీకే అమ్ముతాడు."

వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఉల్రికా నవ్వేది కాదు. జోకు చెప్పానని ఆమె అనుకునేది కాదు. వాళ్ళు నీళ్ళలో గంతులేస్తుంటే తను ఇస్త్రీ చొక్కాతో, నల్ల బూట్లతో బాదం చెట్టు నీడలో నిలబడి తలలు లెక్కపెట్టుకునేది.

నా పేరు ఎస్లిన్. అదే దీవిలో, స్టోర్ బే బీచ్‌లో పీతల కూర, దాంతో తినే డంప్లింగులనే పిండి ఉండలు అమ్ముతాను. ఉల్రికా, నేను ఒకే బడిలో చదువుకున్నాం. ఆమె గురించి నాకు తెలియనిది లేదని అనుకునేదాన్ని.

ఆ ఏడు జూలైలో ఒక ఇంగ్లీషావిడ ఇంటికి వెళ్ళి ఆఫీసుకు తన అభిప్రాయం పంపింది. గైడు చాలా మంచిదట, కానీ ఆమె మొహం చూస్తే బీచ్‌కి వచ్చినట్టు లేదు, పన్ను పీకించుకోవడానికి వచ్చి వరసలో కూర్చున్నట్టుందట. మేనేజరు గిటెన్స్ ఉల్రికాను పిలిచాడు.

"నువ్వు చివరిసారి సెలవు ఎప్పుడు పెట్టావు, ఉల్రికా?"

"మా అమ్మ పోయినప్పుడండీ."

"అది సెలవు కాదమ్మా."

"మీరు సెలవనే రాసుకున్నారు."

గిటెన్స్ సెలవుల పుస్తకం మూసేశాడు. తర్వాత, జీతం ఇస్తాం, టికెట్టు కూడా ఇస్తాం, ఏదో ఒక దీవికి వెళ్ళు, పని ముట్టుకోకు, సరదా పడు అని చెప్పాడు. ఉల్రికా అది డ్యూటీ అనుకుంది. సాయంత్రం నా కొట్టు దగ్గరికి వచ్చింది.

"ఏమే ఎస్లిన్, సరదా పడటానికి ఏమేం తీసుకెళ్ళాలి?"

"ఈత బట్టలు."

"ఇంకా?"

"అంతే."

నేను సరిగ్గా ఆలోచించి చెప్పలేదని ఆమెకు కోపం వచ్చింది. చివరికి నన్నూ రమ్మంది. గ్రెనడా దగ్గరున్న కారియాకూ దీవిలో మా ఆయన మేనత్త ఇల్లు ఖాళీగా ఉంది. ఆగస్టు మొదట్లో అక్కడ పడవ పందాలు. నెల రోజుల ముందు నుంచీ దీవి దీవంతా ఆ మాటే. సరదాకి అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

గ్రెనడా నుంచి కారియాకూకి వెళ్ళే పెద్ద పడవ దారిలో ఒక చోట సముద్రం పొంగుతూ ఉంటుంది. అడుగున అగ్నిపర్వతం ఉంది. అక్కడికి రాగానే జనం వరసగా వాంతులు చేసుకోవడం మొదలుపెట్టారు. నేనూ చేసుకున్నాను. ఉల్రికా రెండు చేతులతో కడ్డీ పట్టుకుని నిటారుగా నడుస్తూ అందరికీ ప్లాస్టిక్ సంచులు పంచింది.

"కూర్చోవే, నీకు సెలవు," అన్నాను సంచిలోంచి తలెత్తి.

"ఆ సంగతి వీళ్ళకు తెలియదు కదా," అంది.

మర్నాడు పారడైజ్ బీచ్‌లో కుర్చీ అద్దెకు తీసుకున్నాం. ఉల్రికా అందులో బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి.

"ఇప్పుడేం చేయాలి?"

"ఇదే."

"ఎంతసేపు?"

నీళ్ళలోకి రమ్మన్నాను. జలుబు చేసిందంది. జలుబు లేదు. నేను పట్టించుకోలేదు.

ఆ మర్నాడు ఆ దీవి పెద్ద ఊరు హిల్స్‌బరో రేవులో పందాలు. ఒడ్డంతా డేరాలు, పొగలు, కాల్చిన మొక్కజొన్న వాసన. ఒక డేరాలో జాక్ ఐరన్ పోస్తున్నారు. అది ఎంత ఘాటైన రమ్మంటే వేసిన మంచుముక్క తేలదు, అడుగుకి పోతుంది. ఉల్రికా నాలుగు గుక్కలు తాగి, సరదాలో ఒక భాగం అయిపోయిందన్నట్టు గ్లాసు కింద పెట్టింది. గాడిదల పందెం చూశాం. గెలిచిన గాడిద ఆగలేదు, కూరగాయల బజారు వైపు వెళ్ళిపోయింది.

తర్వాత రేవు చివర జిడ్డు దుంగ పందెం. పొడుగాటి దుంగను నీళ్ళ మీదికి అడ్డంగా చాచి కట్టి, దానికి దట్టంగా గ్రీజు పూస్తారు. చివర పొగబెట్టిన పంది తొడ ఒకటి, ప్లాస్టిక్‌లో చుట్టి వేలాడదీస్తారు. ఎవరు అందుకుంటే వాళ్ళది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే పరుగెత్తుకొస్తున్నారు, రెండడుగులు వేస్తున్నారు, కాళ్ళు పైకీ తల కిందికీ అయి నీళ్ళలో పడుతున్నారు. జనం ఈలలు.

వరసలో ఇద్దరు పరదేశపు అమ్మాయిలు నిలబడ్డారు. వాళ్ళను చూడగానే ఉల్రికా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

"అమ్మా, ముందు నీళ్ళ లోతెంతో కనుక్కున్నారా?" అంటూ మొదలుపెట్టింది. వాళ్ళు మాట విని బుద్ధిగా తప్పుకున్నారు. దాంతో వరసలో ముందు ఉల్రికాయే మిగిలింది. మైకులో ఒకడు అందుకున్నాడు.

"ఓహోహో! ఇప్పుడొస్తున్నారు, తెల్లచొక్కా పెద్దమ్మ! ఏ ఊరమ్మా నీది?"

"టొబేగో," అంది ఉల్రికా, అడిగితే చెప్పాలి కాబట్టి.

"టొబేగో! చప్పట్లు కొట్టండర్రా! టొబేగోవాళ్ళకి మేకల పందాలు పెట్టడమే వచ్చు అనుకున్నాం!"

జనం గోల. ఉల్రికా నా వైపు తిరిగింది.

"ఇది కూడా సరదాయేనా?"

"సరదాయే, కానీ నువ్వు..."

ఆ మిగతాది ఆమె వినలేదు. బూట్లు విప్పి జతగా పెట్టింది. చేతిసంచి నాకిచ్చింది. దుంగ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, రెండు చేతులూ ముందు ఆనించి, జానెడు జానెడు జరగడం మొదలుపెట్టింది. పరుగెత్తిన కుర్రాళ్ళెవరూ వెళ్ళలేనంత దూరం అలా నింపాదిగా వెళ్ళింది. మైకువాడు కూడా మాట తగ్గించాడు. చివరిదాకా వెళ్ళి, తాడు విప్పి, పంది తొడను గుండెలకు హత్తుకుంది. ఒడ్డు ఒడ్డంతా లేచి అరిచింది.

అప్పుడు ఉల్రికా వెనక్కి తిరిగి చూసింది.

"వెనక్కి ఎలా రావాలి?"

అంతదాకా ఎవరికీ ఆ అవసరం రాలేదు.

"దూకు పెద్దమ్మా!"

"నేను దూకను."

"మరేం చేస్తావు?"

"ఆలోచిస్తున్నాను."

చాలాసేపు ఆలోచించింది. మైకువాడు రెండు పాటలు వేశాడు. ఈలోగా నాకు ఆమె మొహం కనిపించింది. బడిలో లెక్కల మాస్టారు పిలిచినప్పుడు కూడా ఆ మొహం అలా కాలేదు. ఏదో తేడాగా ఉందని నాకు అర్థమయ్యేసరికి ఉల్రికా నెమ్మదిగా, గోడగడియారం జారినట్టు పక్కకి ఒరిగి, పంది తొడతో సహా నీళ్ళలో పడిపోయింది.

పైకి రాలేదు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నేను అరిచాను, ఏమని అరిచానో తెలియదు.

పందెం కోసం కింద ఒక తెడ్డు పడవ పెట్టారు. అందులో ఆ దీవిలోనే విండ్‌వర్డ్ అనే ఊరావిడ క్లెమెన్షియా ఉంది. ఆమె ఇంటివాళ్ళు పడవలు కడతారు. ఆమె భుజాలు కూడా పడవ కట్టినట్టే ఉంటాయి. ఒంగి, చొక్కా కాలరు దొరకబుచ్చుకుని, ఉల్రికాను వలలోంచి చేపను లాగినట్టు లోపలికి లాగింది. ఉల్రికా దగ్గింది, నీళ్ళు కక్కింది. పంది తొడను మాత్రం వదల్లేదు.

"అది వదిలేస్తే పైకి వచ్చేదానివి కదే!" అంది క్లెమెన్షియా.

"అది తేలుతుందనుకున్నాను."

"ఈత రాదా నీకు?"

"రాదు."

"టొబేగోలో ఏం చేస్తుంటావు?"

ఉల్రికా తడిసిన కాలరు సర్దుకుంది.

"బీచ్ గైడ్‌ని."

క్లెమెన్షియా తెడ్డు కింద పెట్టేసి నవ్వింది. పడవ ఊగిపోయింది. ఉల్రికా రెండు వైపులా పట్టుకుని, "ఊపకండి," అంది.

ఒడ్డున తువ్వాలు కప్పాను. నాకు కోపం వస్తోంది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

"గైడువి, నిన్నెవరడుగుతారే ఈత వచ్చా అని!"

"ఉద్యోగంలో చేరేటప్పుడు ఫ్రెంచి వచ్చా అన్నారు. కట్టు కట్టడం వచ్చా అన్నారు. ఈత గురించి అడగలేదు. తర్వాత నా అంతట నేను చెబితే బాగుండదు." తువ్వాలు అంచు పిండుకుంది. "అందుకే లెక్కపెట్టేది. పదిమంది దిగితే పది తలలూ కనిపిస్తున్నాయా, కనిపిస్తున్నాయా అని. ఒక్కటి తగ్గినా నేను చేయగలిగిందేమీ లేదు కదా. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ నేను ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెడుతూనే ఉంటాను, ఎస్లిన్."

పంది తొడ మా మధ్య ఇసుకలో ఉంది.

మర్నాడు పొద్దున్నే కిటికీ కింద కేక.

"ఓ టొబేగో! లేచావా? నిన్ను నీళ్ళలోంచి తీసింది మళ్ళీ ఎండబెట్టడానికి కాదు, రా!"

క్లెమెన్షియా మమ్మల్ని ఎల్ ఎస్టర్ ఒడ్డుకి తీసుకెళ్ళింది. అక్కడ అప్పటికే ముసలమ్మలు కొందరు మెడలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. తలల మీద ఈతాకు టోపీలు, దూరం నుంచి చూస్తే టోపీలే మాట్లాడుకుంటున్నట్టుంది. ఈదడానికి రారు వాళ్ళు. మోకాళ్ళ నొప్పులకని వస్తారు, ఊళ్ళో సంగతులకని ఉండిపోతారు.

"ఈవిడేనా పంది తొడ?" అని అడిగింది ఒకావిడ.

"ఈవిడే."

"బాగుంది. దాన్ని ఉడకబెట్టిందా?"

ఆ రోజు ఉల్రికా మోకాళ్ళ లోతు దిగింది. మర్నాడు నడుంలోతు. క్లెమెన్షియా అరచేతులు చాచి, "వీపు ఇక్కడ ఆనించు, పడుకో," అంటే పడుకునేది, ఒళ్ళంతా బిగబట్టి, వెంటనే మునిగేది.

"చెక్కలా పడుకోవే, చెక్క తేలుతుంది!"

"చెక్కలాగే పడుకున్నాను."

"నువ్వు ఇనుపరేకువి. మా ఆయన నీకు మేకులు కొట్టినా తేలవు."

ముసలమ్మలు నవ్వేవాళ్ళు. ఉల్రికా జుట్టులో నీళ్ళు పిండుకుని మళ్ళీ పడుకునేది. పంది తొడను మూడో రోజు బఠాణీలతో వండి ఒడ్డుకే తెచ్చాం. తిన్నవాళ్ళందరూ ఉప్పు ఎక్కువైందన్నారు, ఏమీ మిగల్చలేదు.

ఆఖరి పొద్దున, ఆ ఊళ్ళో ఉండే బెతెల్ గారి రెండో పెళ్ళాం గురించి మాట వచ్చింది. ఆవిడ పక్కనున్న యూనియన్ దీవికి వెళ్ళొస్తున్నానని చెప్పి అసలు ఎక్కడికి వెళ్తోందో ఒకావిడకు తెలుసు. చెప్పకుండా ఊరిస్తోంది. ఉల్రికా క్లెమెన్షియా చేతుల మీద వెల్లకిలా పడుకుని వింటోంది.

"పడవలో కాదే వెళ్ళింది. ఆ పోస్టాఫీసు..." అంటూ ఆవిడ గొంతు తగ్గించింది.

అందరూ దగ్గరికి జరిగారు. క్లెమెన్షియా కూడా జరిగింది, చేతులు తీసేసి. ఉల్రికా ఉన్నచోటే ఉంది. చేతులు విడివిడిగా, మొహం ఆకాశం వైపు, కాలి వేళ్ళు పైకి తేలి కనిపిస్తున్నాయి. నేను నోరు మూసుకున్నాను. చెబితే మునుగుతుందని భయం.

కాసేపటికి ఆమే గభాలున లేచి నిలబడింది.

"పోస్టాఫీసులో ఎవరు? చెవుల్లో నీళ్ళున్నాయి, మిగతాది నాకు వినపడలేదు!"

అందరూ ఆమెను చూస్తూ ఉండిపోయారు.

"ఏమైంది?" అంది ఉల్రికా. తర్వాత తన చుట్టూ చూసుకుంది, క్లెమెన్షియా ఎంత దూరంలో ఉందో చూసింది. మళ్ళీ నెమ్మదిగా వెనక్కి వాలింది. ఈసారి కళ్ళు మూసుకుంది. మొహం మీది నీళ్ళలో ఏవి సముద్రానివో నేను చెప్పలేను.

టొబేగోకి వచ్చాక ఉల్రికా తనకు ఈత రాదని గిటెన్స్‌కి తనే వెళ్ళి చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇన్నేళ్ళ తర్వాత ఇది తనకు తెలియాల్సిన అవసరం ఉందా అన్నాడు. ఉందని ఉల్రికా చెప్పింది. దాంతో వ్యానులోకి ఈత వచ్చిన రెండో గైడు, కెజియా అనే అమ్మాయి వచ్చింది. కెజియా అందరి కంటే ఎక్కువ నవ్వుతుంది. ఆఫీసుకు అది నచ్చింది.

ఇంకో సంగతి. స్టోర్ బేలో కొట్లు పెట్టుకున్న ఆడవాళ్ళం చాలామందిమి ఎన్నో ఏళ్ళుగా సముద్రం పక్కన పొయ్యిలు రాజేస్తున్నాం కానీ ఆ నీళ్ళలో కాలు పెట్టింది గిన్నెలు కడగడానికే. ఉల్రికా శనివారం పొద్దున్నే మమ్మల్ని నీళ్ళలోకి పిలవడం మొదలుపెట్టింది. మొదట నేనొక్కదాన్నే వెళ్ళాను. తర్వాత పక్క కొట్టు విల్మా వచ్చింది, దేనికీ రాని మనిషి. ఇప్పుడు మెడలోతు నీళ్ళలో నిలబడి, ఆ వారం ఎవరి కూరలో పీతలు తక్కువయ్యాయో తేల్చుకుంటాం.

మొన్న ఒడ్డున ఇద్దరు పరదేశపు ఆడవాళ్ళు నిలబడి మమ్మల్ని చాలాసేపు చూశారు. ఒకామె చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, ఈ టూరు ఎంత, ఎక్కడ డబ్బు కట్టాలి అని అరిచింది.

"ఇది టూరు కాదమ్మా," అని ఉల్రికా జవాబిచ్చింది. "ఊరికే ఉన్నాం. రావాలనుంటే రండి."

వాళ్ళు చెప్పులు విప్పారు.