నోరు తెరిపించే ట్యాబ్

అక్క తెచ్చిన ట్యాబ్‌ని ముట్టుకోగానే నాకు ఒళ్ళు జలదరించింది. తెర నిండా ఎండిన మెతుకులు, ఎంగిలి వేళ్ళ ముద్రలు. ఛార్జర్ దూర్చే చోట గట్టిపడిన అన్నం. ఆన్ చేస్తే కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోతోంది.

"అప్‌డేట్ అవుతుంటే మధ్యలో ఆపేశావా?"

"ఆపక ఏం చెయ్యనురా?" అంది అక్క, ఒళ్ళోని కొడుకుని చూపిస్తూ. "బొమ్మలు పెట్టకపోతే వీడు ముద్ద ముట్టడు. అదేమో ఎంతకీ తెమలదాయె. బటన్ నొక్కిపట్టి ఆపేశా."

ఇంకేముంది, ట్యాబ్‌ని నడిపే ఫర్మ్‌వేర్ సగంలో చెడి కూర్చుంది. అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించాల్సిందే.

"వీడు పుట్టినప్పటి నుంచీ తీసిన ఫొటోలన్నీ పోతాయక్కా. ఇంకెక్కడైనా దాచావా?"

"లేదు. పోతే పోనీరా. బొమ్మలొస్తాయిగా?"

ఏమన్నా అంటే గొడవని, పళ్ళు కొరుక్కుంటూ ఆ అన్నం పుల్లతో గీకి, కేబుల్ పెట్టి, ఫర్మ్‌వేర్ ఎక్కించాను. కాసేపటికి ట్యాబ్ టింగుమని మోగి వెలిగింది.

అంతవరకూ అక్క ఒళ్ళో జోగుతున్న మేనల్లుడు ఆ మోతకి తలెత్తాడు. నావైపు చూడలేదు, వాళ్ళమ్మవైపూ చూడలేదు. తెరకేసి చూస్తూ నోరు తెరిచాడు.

ఎవరి చేతిలోనూ ముద్ద లేదు.